పరిచారికల నాయకురాలు డొరతీ బోల్డెన్

ఇంటిపనివారిని సంఘముగా కూర్చుట కడు కష్టమని ఎల్లరును చెప్పుదురు. కారణము స్పష్టమే. మిల్లుపనివారు వేయిమంది యొకే ద్వారమున లోనికి పోయి, యొకే కూతకు వెలుపలికి వత్తురు. ఒకరి కూలి మరియొకరికి తెలియును. పరిచారిక యన్ననో, ఒక్కొక్క యింట ఒక్కతెయే యుండును. ఆమె పనిచేయు చోటు పరుల వంటిల్లు, పరుల పడకగది. తలుపు మూసిన తరువాత లోపల జరుగునది లోకమునకు తెలియదు. అట్టివారిని వేలకొలదిగా చేర్చి యొక సంఘమును నిలిపిన స్త్రీ అమెరికాలో జార్జియా రాష్ట్రపు ముఖ్యపట్టణమైన అట్లాంటాలో నుండెను. ఆమె పేరు డొరతీ బోల్డెన్. ఆమెయు పరిచారికయే.

ఆమె 1924లో ఆ నగరమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. తల్లి యిండ్లలో పనిచేయుచుండెను. డొరతీ 9వ యేటనే, బడి ముగిసిన వెనుక, పసిబిడ్డల గుడ్డలుతుకు పనికి కుదిరెను. వారమునకు 1.25 డాలర్లు జీతము. యౌవనమున నొకనాడు, పని ముగించుకొని యింటికి పోబోవుచున్న ఆమెను యజమానురాలు ఆపి గిన్నెలు తోమి పొమ్మనెను. ఆమె యొప్పుకొనక వెడలిపోయెను. అంతమాత్రమునకే పోలీసులు వచ్చి పట్టుకొనిపోయిరి. తెల్లదొరసానికి ఎదురుచెప్పిన నల్లపిల్లకు మతి చెడియుండవలెనని వారి తర్కము. ఈ తర్కము మనకును క్రొత్తది కాదు. 'దానికి పొగరెక్కినది' యను మాట తమ బంధువర్గమున నెన్నడును వినని పాఠకులుందురా?

జాతిసమానత్వమునకై పోరాటము సాగుచున్న 1960వ దశకమున మార్టిన్ లూథర్ కింగు ఆమెకు పొరుగువాడు. పరిచారికల బాధలను గూర్చి ఆయనతో చెప్పుకొనగా, ఆ పనికి నీవే పూనుకొమ్మని ఆయన ప్రోత్సహించెను. ఆమె పూనుకొన్న విధము మాకు మిక్కిలి వింతగా తోచినది. ఆమె సభ కొరకు హాలు వెదకలేదు, కరపత్రముతో ప్రారంభింపలేదు. తెల్లవారకమునుపే పరిచారికలతో నిండిపోవు సిటీబస్సులెక్కెను. ఒక దారిలో పోవు బస్సు దిగి మరియొక దారిలో పోవు బస్సెక్కి, ప్రక్కన కూర్చున్నవారిని జీతమెంత, ఎన్ని గంటలకు విడుతురు, పనికి మించిన పని చెప్పుదురా యని విచారించుచు వచ్చెను. మూసిన తలుపుల వెనుక ఒంటరిగా నుండువారందరును కలసి కూర్చుండు స్థలము ఆ నగరమున నదియొక్కటే.

అట్లాంటాలో ఇది మొదటి ప్రయత్నము గాదు. 1881 వేసవిలో ఆ యూరి చాకలిస్త్రీలు ఇరువదిమంది చేరి సంఘము పెట్టి, పండ్రెండు పౌనుల బట్టకు ఒక డాలరు కూలి యడిగి పని మానిరి. మూడు వారములలో వారి సంఖ్య మూడువేలయ్యెను.

బోల్డెన్ సంఘము 1968లో వెలసెను. చందా ఒక డాలరు. చేరువారికి మరియొక నిబంధన గలదు: ప్రతి స్త్రీయు ఓటరుగా పేరు నమోదు చేయించుకొనవలెను. నల్లవారి ఓటుహక్కును కాపాడు చట్టము వచ్చి అప్పటికి మూడేండ్లే యైనది. గిన్నెలు తోముటకును ఓటునకును ఏమి సంబంధమని యడుగువారికి ఈ నిబంధనయే సమాధానము. పేరునకు యూనియనైనను, అది మిల్లుయూనియనువలె యజమానులతో బేరమాడజాలదు. 1935నాటి కార్మికచట్టము ఇంటిపనివారిని విడిచిపెట్టెను. కాబట్టి ఏ యింటి జీతమును ఆ యింటి పరిచారికయే యడుగుకొనవలసియుండెను. ఎట్లు మాటాడవలెనో, ఎక్కడ తగ్గరాదో సంఘము నేర్పెను. క్రమముగా కూలి పెరిగెను. బస్సు ఛార్జీ వేరుగా నిచ్చుట వాడుకయ్యెను. నిక్సన్, ఫోర్డు, కార్టరు అను ముగ్గురధ్యక్షులు ఆమె సలహా నడిగిరి. సంఘమువారు పరిచారికల గౌరవదినమును గూడ జరిపిరి. గౌరవము వేరు, జీతము వేరు. ఆమె రెంటిని కోరెను.

ఇచ్చట మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా తల్లిగారు పక్షవాతముతో మంచమున నున్న రెండేండ్లును ఒకామె ఆమెకు పరిచర్య చేసెను. చూడవచ్చిన బంధువులందరు 'కన్నకూతురికంటె మిన్న' యని ఆమెను పొగడిరి. ఆమె ఆదివారము సెలవు కోరినప్పుడు ఆ బంధువులే 'ఇంటిమనిషివి గదా, నీకు సెలవేమి?' యనిరి. ఆమె తగ్గలేదు, సెలవు తీసుకొనెను. ఆ యాదివారములందు తల్లిగారిని ఒత్తిగిలజేసి, పక్కబట్టలు మార్చి, గంజి త్రాగించుట మా పనియయ్యెను. సాయంకాలమగుసరికి మా నడుము పట్టివేసెడిది. కూతురను మాట జీతమునకు బదులుగా నిచ్చు నాణెమని మాకప్పుడు తోచినది.

అమెరికా చట్టమును ఈ నాణెమునే చాలకాలము చెల్లించెను. 1938లో కనీసవేతన చట్టము వచ్చినప్పుడు ఇంటిపనివారికి అందు చోటు లేకపోయెను. 1974లో సవరణ చేసి వారిని చేర్చిరి. కాని వృద్ధులకును రోగులకును 'తోడు'గా నుండువారిని మాత్రము మినహాయించిరి. తోడుండుట పని గాదు కాబోలు! జమైకానుండి వచ్చి, న్యూయార్కు ప్రాంతమున ఇంటింటికి పోయి వృద్ధులకు స్నానము చేయించి, మందులిచ్చిన ఎవెలిన్ కోక్ అను నామె, అధికగంటల పనికి అధికవేతనము రావలెనని దావా తెచ్చెను. 2007లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకగ్రీవముగా ఆమెకు ప్రతికూలముగా తీర్పు చెప్పిరి. 2009లో ఆమె మరణించెను. కార్మికశాఖ నియమము మార్చి ఇట్టివారిలో ననేకులను చట్టములోనికి తెచ్చినది 2013లో. ఆ మార్పును రద్దుచేయవలెనని 2025లో ఆ శాఖయే ప్రతిపాదించెను.

కోక్ తీర్పు వినుటకు బోల్డెన్ లేదు. ఆమె 2005 జూలై 14న అట్లాంటాలోనే కాలధర్మము నొందెను. ఆమె దాచిన కాగితములు ఆ నగరమున నొక గ్రంథాలయమున భద్రముగా నున్నవి.