ఆడవాళ్ల కారు

మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారుకి అమెరికాలోనూ ఇంగ్లండులోనూ వెక్కిరింపు పేర్లున్నాయి. ఇక్కడ "ఆడపిల్లల కారు" అంటారు. అక్కడ "హెయిర్‌డ్రెస్సర్ల కారు" అంటారు. గుండ్రటి ఒళ్లు, నవ్వుతున్నట్టుండే ముందుభాగం, కనురెప్పల్లా లేచి వాలే హెడ్‌లైట్లు, చిన్న ఇంజను. అంతే చాలు. ఒక యంత్రాన్ని కించపరచాలంటే దానికి ఆడతనం అంటగడితే సరిపోతుంది. పనిలోపనిగా జుట్టు కత్తిరించి బతికేవాళ్ల వృత్తి కూడా తిట్టయిపోతుంది. వృత్తి పేరునే తిట్టుగా వాడే కులగర్వాన్ని మన ఊళ్లలో చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ కనిపించదు.

ఆ కారు నాకుంది. 1995 మోడల్. 2015లో, నా నలభై మూడో ఏట, కాలిఫోర్నియాలో సెకండ్ హ్యాండులో కొన్నాను. ఈ కారు మొదట 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చింది. అప్పటి ఇంజను 1.6 లీటర్లు, 116 హార్స్‌పవర్. 1994 మోడల్ నుంచి 1.8 లీటర్లు, 128 హార్స్‌పవర్. బరువు ఒక టన్నుకి కాస్త అటూ ఇటూ. ఇంజను ముందుంటుంది, నడిపించేది వెనక చక్రాలు, బరువు ముందూ వెనకా దాదాపు చెరిసగం. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా 2000లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2016లో పదిలక్షలవ కారు తయారైంది. వెక్కిరించినవాళ్లలోనూ చాలామంది కొనుక్కునే ఉంటారు.

నేను దీన్ని తీసుకుని ట్రాక్ డేలకి వెళ్తాను. ట్రాక్ డే అంటే పందెం కాదు. సర్క్యూటుని అద్దెకి తీసుకుని, డబ్బు కట్టినవాళ్లని అనుభవాన్ని బట్టి గుంపులు చేసి, ఇరవై నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు తిప్పనిస్తారు. ఎవరు ముందొచ్చారన్న లెక్క లేదు, బహుమతులు లేవు. కొత్తవాళ్ల పక్కసీట్లో నేర్పేవాళ్లు కూర్చుంటారు.

మన తెలుగువాళ్ల పార్టీల్లో ఈ సంగతి బయటపడితే మగవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "పవర్ ఎంత పెంచారండీ?" ఒక్క హార్స్‌పవర్ కూడా పెంచలేదంటే వాళ్ల ఆసక్తి అక్కడితో సరి. పాత కారుని ట్రాక్‌కి తయారు చెయ్యడమంటే అసలు చెయ్యాల్సింది ఇంజను దగ్గర కాదని చెప్పేలోపు మాట క్రికెట్ మీదకి పోతుంది.

మొదట రోల్ బార్ బిగించాను. పైకప్పు బట్టది కాబట్టి కారు బోల్తా కొడితే తలకి రక్షణ ఉండదు. సీట్ల వెనక ఒంపు తిరిగి నిలబడే ఈ ఉక్కు గొట్టమే దిక్కు. ఆ గొట్టం పైఅంచు నుంచి ముందు అద్దం పైఅంచు మీదకి ఒక కర్ర ఆనించి చూస్తారు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న డ్రైవరు తల ఆ కర్రకి కిందుండాలి. దీని పేరు చీపురుకర్ర పరీక్ష. ఆరడుగుల మగవాళ్లు ఈ కారులో ఇక్కడే తంటాలు పడతారు. నేను ఐదడుగుల ఒక అంగుళం. పెళ్లిచూపుల్లో "పిల్ల పొట్టి" అని పెదవి విరిచిన ఒళ్లు ఈ పరీక్ష సునాయాసంగా గట్టెక్కింది. చీపురుకర్ర నాకు మేలు చెయ్యడం జీవితంలో అదే మొదటిసారి.

తర్వాత రేడియేటరు. పాతదానికి ప్లాస్టిక్ ట్యాంకులుంటాయి. నల్లటి ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందంటే పగలడానికి దగ్గరపడిందని అర్థం. అల్యూమినియం రేడియేటరు వేశాను. నేను ఎక్కువగా వెళ్లే థండర్‌హిల్ ట్రాక్ విల్లోస్ అనే చిన్న ఊరి దగ్గరుంది. ఎండాకాలం అక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది. పల్నాడులో పుట్టి, రెంటచింతల ఎండ గురించి వింటూ పెరిగినదాన్ని కాబట్టి నేను తట్టుకుంటాను. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ తట్టుకోదు.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. గంటకి 160 కిలోమీటర్ల నుంచి ఆపడం 80 నుంచి ఆపడం లాంటిది కాదు. ఆ శక్తంతా వేడిగా మారి డిస్కుల్లోకి, ప్యాడ్లలోకి, చివరికి బ్రేకు ఆయిల్‌లోకి దిగుతుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది, కారు ఆగదు. అందుకే ఇంకా ఎక్కువ వేడికి ఆగే ఆయిల్ వాడతాను, ట్రాక్‌కి వెళ్లేముందు మారుస్తాను.

ఇది ఇద్దరు చేసే పని. చక్రం దగ్గర నేను, పెడల్ మీద మా అమ్మాయి. "నొక్కు." "నొక్కానమ్మా." నిపుల్ పావు చుట్టు వదులు చేస్తే పాత ఆయిల్ గొట్టంలోంచి సీసాలోకి దిగుతుంది. "వదలకు, వదలకు." బిగించాక "ఇక వదులు." ముందే వదిలితే గాలి లోపలికి పోతుంది. వెనక కుడి చక్రంతో మొదలుపెట్టి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. ఇక ట్రాక్ దగ్గర ప్రతి రౌండుకీ ముందు చక్రాల నట్లు టార్క్ రెంచితో 80 ఫుట్-పౌండ్లకి సరిచూస్తాను. వానలు మొదలయ్యే ముందు పైకప్పు నీళ్లు దిగే తూముల్లో ఆకులు తీస్తాను. అవి పూడిపోతే నీరు నిలిచి తలుపుల కింది రేకు తుప్పు పడుతుంది. పేరు స్పోర్ట్స్ కారు గానీ, పని చాలావరకు తుడవడం, కడగడం, చూడ్డం, మార్చడం.

ఈ పని నేను ఎక్కడ నేర్చుకున్నానని అడిగితే వర్క్‌షాప్ మాన్యువల్ పేరు చెప్పేదాన్ని. ఇప్పుడు అమ్మ పేరు చెబుతాను. నరసరావుపేటలో అమ్మ ఉషా కుట్టుమిషన్ మీద పాతికేళ్లు వీధి మొత్తానికి జాకెట్లు కుట్టింది. పళ్లపట్టీ కింద ఇరుక్కున్న దారప్పీచు పిన్నీసుతో లాగేది. బాబిన్ కేసు తుడిచేది. చుక్క చుక్కగా నూనె వేసేది. తోలు బెల్టు సాగితే ముక్క కోసి కొక్కెం మళ్లీ బిగించేది. చప్పుడు విని ఎక్కడ తేడా వచ్చిందో చెప్పేది. నాన్న స్కూటరు మాత్రం ప్లగ్గు మార్చాలన్నా మెకానిక్కు దగ్గరికే పోయేది. అయినా మా ఇంట్లో "మిషన్ల సంగతి తెలిసిన మనిషి" నాన్నే.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకి పైగా మోటారుబండి నడిపింది. దాన్ని పుట్టింటికి వెళ్లడానికి చేసిన సాహసంగా చెబుతారు. దారిలో పూడుకుపోయిన పెట్రోలు గొట్టాన్ని టోపీ పిన్నుతో శుభ్రం చేసిందనీ, బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే మనిషి చేత తోలు వేయించిందనీ కూడా చెబుతారు, కానీ సరదా ముచ్చటగా. నేను ప్యాడ్లు మార్చినప్పుడల్లా ఆ తోలే గుర్తొస్తుంది. బండి మొదలుపెట్టడానికి తన కట్నం సొమ్ము పెట్టిందీ ఆవిడే. పేటెంటు మీద పేరు మాత్రం కార్ల్ బెంజ్‌ది.

ఒక స్నేహితురాలు నిలదీసింది. "ఇంటిచాకిరీ మీద అంత రాస్తావు కదా, మరి శనివారమంతా కారుకి చాకిరీ చేస్తూ ఆనందం ఎలా వస్తుందే?" న్యాయమైన ప్రశ్న. రెండూ ఒకలాంటి పనులే. ఎంత బాగా చేస్తే అంత కనిపించకుండా పోతాయి. గిన్నెలు తోమితే మళ్లీ మురికవుతాయి, ఆయిల్ మారిస్తే మళ్లీ తేమ పడుతుంది. తేడా పనిలో లేదు. ఇంటిపని ఎవరి కోసమో, ఎవరి టైముకో చెయ్యాలి. ఇవాళ చెయ్యనంటే అది నా గుణం మీద మచ్చ. కారు పని వాయిదా వేసే హక్కు నాకుంది. వేస్తే ట్రాక్‌కి పోను, అంతే. చేస్తే దాని ఫలం నాదే: ఆ బ్రేకుల మీద ప్రాణం పెట్టి కూర్చునేది నేనే. మరమ్మతులు చెయ్యడం ఆడవాళ్ల స్వభావమని ఎవరైనా పొగిడితే మాత్రం ఒప్పుకోను. అదే పొగడ్తతో మనల్ని వంటింట్లో కూచోబెట్టారు.

బయట నా పనిని పనిగా ఒప్పించుకోవడం ఇంకో చాకిరీ. ఒక విడిభాగాల దుకాణంలో క్లచ్ స్లేవ్ సిలిండరు అడిగితే కౌంటరు మనిషి మీవారిని ఫోన్‌లోకి పిలవమన్నాడు. మావారికి స్లేవ్ సిలిండరు ఎక్కడుంటుందో తెలియదు. తెలియకపోవడం వల్ల ఆయనకి ఎక్కడా చిన్నతనం కలగలేదు. తెలిసిన నేను మాత్రం ప్రతిచోటా రుజువు చేసుకోవాలి.

ట్రాక్ మీద ఒక పద్ధతుంది. మా గుంపుల్లో వెనక కారు తనంతట తాను దాటకూడదు. నిర్ణయించిన తిన్నటి దారుల్లో ముందు కారు డ్రైవరు చెయ్యి బయటపెట్టి, ఫలానా పక్కనుంచి వెళ్లమని చూపించాలి. నా కారుది చిన్న ఇంజను కాబట్టి తిన్నటి దారిలో పెద్ద ఇంజన్లకి రోజంతా చెయ్యి చూపిస్తూనే ఉంటాను. మలుపులు రాగానే వాళ్ల బరువు వాళ్లకి అడ్డం, నేను వెనకే అంటుకుని ఉంటాను. పుట్టిన దగ్గర్నుంచీ పక్కకి తప్పుకోమని చెప్పిన ప్రపంచంలో దారి ఇవ్వడం నాకు కొత్త కాదు. ఎప్పుడివ్వాలో, ఏ పక్కన ఇవ్వాలో నేను తేల్చేదాకా నాలుగు వందల హార్స్‌పవర్ నా వెనక ఆగి ఉండటం కొత్త.

ఇది విలాసం కాదా? విలాసమే. టైర్లు, ప్యాడ్లు, పెట్రోలు, ట్రాక్ రుసుము అన్నీ ఖర్చే. మామూలు కారు ఇన్సూరెన్సు సాధారణంగా ట్రాక్ మీద జరిగిన నష్టానికి పనికిరాదు, కారు పోతే పోయినట్టే. ఉద్యోగం ఉంది కాబట్టి చేస్తున్నాను, మిషను కుట్టిన అమ్మకి ఆ వీలు లేదు. కానీ గోల్ఫుకి పోయే మగవాణ్ణి ఎవరూ ఈ ప్రశ్న అడగరు. ఆడవాళ్ల ఖర్చుకి మాత్రం పిల్లల పేరో, దేవుడి పేరో చెప్పాలి. నా వేగం వల్ల ఎవరికీ మేలు జరగదు. నాకు బాగుంటుంది. ఆ ఒక్క కారణం చాలని చెప్పడానికి నాకు నలభై ఏళ్లు దాటాల్సి వచ్చింది.

ఈ చలికాలం టైమింగ్ బెల్టు మార్చాలి. 60,000 మైళ్లకొకసారి మార్చమంటారు. తెగినా ఈ ఇంజనులో వాల్వులు వంగవు గానీ కారు ఉన్నచోటే ఆగిపోతుంది. దాంతోపాటే వాటర్ పంపు కూడా మార్చేస్తే మళ్లీ విప్పే పనుండదు. రెండు రోజులు పడుతుంది. ఆ శని, ఆదివారాలు వంట ఎవరిదో, బట్టలు ఎవరివో కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాం. వంట మావారిది, బట్టలు అమ్మాయివి. నా పేరెదురుగా ఒక్కటే పని రాసుంది: బెల్టు.