లెక్క వాళ్లు కట్టాలి, మనం సరిచూడాలి

జులై వచ్చిందంటే బెంగళూరు ఆఫీసుల్లో ఎక్కడ విన్నా ఒకటే మాట: "రిటర్న్ వేశావా?" ఇక్కడ నేను కొన్నేళ్లుగా నా రిటర్న్ నేనే వేసుకుంటున్నాను. నా అభిప్రాయం ఒక్కటే. జీతం, బ్యాంకు వడ్డీ తప్ప మరో ఆదాయం లేనివాళ్ల మీద ఈ బాధ్యత పెట్టనక్కర్లేదు.

రిటర్న్ వేశాక బెంగళూరులోనే ఉన్న ఆదాయపు పన్ను శాఖ ప్రాసెసింగ్ కేంద్రం (సీపీసీ) నుంచి సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్ వస్తుంది. అందులో పక్కపక్కనే రెండు గళ్లు: మనం చూపిన అంకె, శాఖ లెక్కగట్టిన అంకె. ఆ రెండో గడి వాళ్లు నింపగలిగినప్పుడు, దాన్నే ముందుగా మనకు పంపొచ్చు కదా!

ఒకప్పుడు అది కష్టమే. పాత పన్ను విధానంలో నేను ఇంటద్దె, పీపీఎఫ్, ఎల్‌ఐసీ ప్రీమియం చూపించి మినహాయింపులు తీసుకునేవాణ్ణి. నా అద్దె ఎంతో నేను చెప్తేనే తెలుస్తుంది. ఇప్పుడు లెక్కలు వేసి చూసుకుని కొత్త విధానానికి మారాను. ఇందులో ఆ మినహాయింపులు లేవు. జీతం ఫారం 16లో, వడ్డీ 2021లో వచ్చిన వార్షిక సమాచార పత్రం (ఏఐఎస్)లో ఉంటాయి. కొత్తగా నేను చెప్పేదేముంది?

అలాగని కళ్లు మూసుకుని ఒప్పుకోమనను. ఒక ఏడాది ఏఐఎస్‌లో నాది కాని వడ్డీ కనిపించింది. అమ్మ రిటైర్మెంట్ డబ్బును ఇద్దరి పేరా ఎఫ్‌డీ వేశాం. మొదటి పేరు నాది కాబట్టి వడ్డీ నా పాన్ కింద పడింది. ఆ వరుసలో ఫీడ్‌బ్యాక్ నొక్కి, ఇది వేరే పాన్‌కు చెందినదని పంపాను. అమ్మ తన రిటర్న్‌లో చూపించింది. చూసుకోకపోతే అమ్మ వడ్డీకి నేను పన్ను కట్టేవాణ్ణి.

బ్రిటన్‌లో 1944 నుంచి జీతంలోనే పన్ను సరిచేసే పద్ధతి ఉంది, ఎక్కువమంది ఉద్యోగులకు రిటర్న్ బెడద లేదు. మన దేశంలోనూ 75 ఏళ్లు నిండి, పెన్షన్, వడ్డీ ఒకే బ్యాంకులో వచ్చేవాళ్లకు 2021లో రిటర్న్ వేయనక్కర్లేని వెసులుబాటు ఇచ్చారు. డిక్లరేషన్ ఇస్తే బ్యాంకే లెక్కగట్టి పన్ను కోస్తుంది. పెద్దవాళ్లకు ఇచ్చింది జీతగాళ్లకూ ఇవ్వాలి. శాఖే లెక్క పంపి, అభ్యంతరానికి నెల గడువిచ్చి, జవాబు రాకపోతే ఖాయం చేసుకోవాలి.

అంతవరకూ రిటర్న్ ఎవరి చేత వేయించుకున్నా సరే, ముందు మీ ఏఐఎస్ తెరిచి పాస్‌బుక్‌తో పోల్చి చూసుకోండి.