మణికట్టు నేర్పు: నాటివారు, నేటివారు

మా పెద్దకడుబూరు చుట్టుప్రక్కల పత్తికట్టెలు పెఱికిన పిమ్మట చేలు కొంతకాలము బీడుగా నుండును. ఆ నల్లరేగడి చేలే మాకు క్రికెట్టు మైదానములు. ఎండలు ముదిరినకొలది నేల నెఱ్ఱెలు వాఱును. నెఱ్ఱెయంచున బడిన బంతి ముక్కున కెగయును; నెఱ్ఱెలో బడినది పాదములచెంత ప్రాకిపోవును. కావున మాలో నెవ్వడును బంతి రాకమునుపే బ్యాటు విసరుటకు సాహసింపడు. చివఱిక్షణమువఱకు వేచి, మణికట్టు త్రిప్పి, బంతిని లెగ్‌సైడునకు మళ్లించుట మాకు ఆ నేలయే నేర్పిన విద్య. బంతి పోయినచో క్రొత్తదానికై ఆదోనికి బస్సెక్కవలసియుండుటయు మా జాగరూకతకు కొంత కారణమని మా యుపాధ్యాయులొకరు పరిహసింతురు.

ఈ విద్యనుగూర్చియే ఈ యేడు మాలో పెద్దవాదము పుట్టెను. మా సహపాఠి యొకడు ఒక జట్టు ఎంపికకై పోయి, ఆఫ్‌స్టంపునకు వెలుపల బడిన బంతిని మణికట్టుతో లెగ్‌సైడునకు మళ్లించి నాలుగు పరుగులు గొనెను. అది పల్లెటూరి దెబ్బయనియు, బ్యాటు నిలువుగా రావలెననియు చెప్పి వానిని త్రిప్పిపంపిరి. అది దోషమా, నేర్పా? తెలుగునేలతో సంబంధముగల గొప్ప బ్యాటుగాండ్రు తమతమ కాలములలో నెట్లాడిరో పోల్చి చూచినగాని ఈ ప్రశ్న తెగదని మాకు తోచెను.

పోల్చుటకు కూర్చుండగనే చిక్కు వచ్చెను. మాలో చిన్నవారు అంకెల పట్టిక తెచ్చిరి. కఠారి కనకయ్య నాయుడుగారు, అనగా సి. కె. నాయుడుగారు, 7 టెస్టులలో 350 పరుగులు మాత్రమే చేసిరి. శతక మొక్కటియు లేదు. వి. వి. ఎస్. లక్ష్మణుగారో 134 టెస్టులలో 8,781 పరుగులు చేసిరి. ఇక పోలిక యేమున్నదని వారి ప్రశ్న. కాని 1932 మొదలు 1936 వఱకు భారతదేశ మాడిన టెస్టులే ఏడు; ఆ యేడింటను నాయుడుగా రుండిరి. 1895లో నాగపురమున తెలుగు కుటుంబమున జన్మించిన వారికి, లార్డ్సు మైదానమున మన మొదటి టెస్టు జరుగునాటికే 36 ఏండ్లు నిండినవి. ఆ యాటకు నాయకులు వారే. చేతికి దెబ్బ తగిలియు మొదటి యిన్నింగ్సున మన జట్టులో నందఱికంటె నెక్కువగా 40 పరుగులు చేసినవారును వారే. (1936లో నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు పోయినది. వారును తెలుగువారే, వారి బ్యాటింగును పోల్చుటకు ఇచ్చట తావు లేదు.)

నాయుడుగారి శక్తి యెట్టిదో తెలియగోరువారు 1926 డిసెంబరునకు పోవలెను. బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన యెం. సి. సి. జట్టుపై, హిందూ జట్టు పక్షమున, రెండుగంటలలోపలనే 11 సిక్సర్లతో 153 పరుగులు చేసిరి. అయితే ఇది మణికట్టు విద్య కాదు. నిడుపైన బాహువులు, నిటారైన దేహము, బంతి పడినచోటికే పోయి ఆకాశమునకు లేపు ధైర్యము. 1953-54లో ఆంధ్రజట్టు రంజీపోటీలయందు ప్రవేశించినప్పుడు, అఱువదికి చేరువైన యీ పెద్దలు మన పక్షమున నాడిరని విని మా చిన్నవారు పట్టికను మడిచిపెట్టిరి.

ఎం. ఎల్. జయసింహగారితో హైదరాబాదు మార్గము కానవచ్చును. సికింద్రాబాదున పుట్టిన వీరు ఓర్పునకును సొగసునకును వైరము లేదని చూపిరి. 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియాపై టెస్టు జరిగిన అయిదుదినములందును బ్యాటు పట్టిరి. 1968లో గాయపడినవారికి బదులుగా పిలువబడి బ్రిస్బేనునకు పోయి, ఆ నేల కలవాటుపడు తీరిక లేకయే 74యు, 101యు చేసిరి. నాటికి హెల్మెట్టు లేదు. తలకు రక్షణ లేనివాడు బంతి యెగసినప్పుడు తల తొలగించుకొనవలె. తల కదలినవాని మణికట్టు తొందరపడును. ఆ స్థితిలోను తొందరపడని చేయి వారిది.

ఇక మహమ్మదు అజహరుద్దీనుగారు. 1984-85లో ఇంగ్లండుపై తాము ఆడిన మొదటి మూడు టెస్టులలోను శతకములు చేసిరి. ఇట్టి యారంభము మఱియెవ్వరికిని లేదు. 2000లో వారిపై వచ్చిన నిషేధమును, 2012లో హైకోర్టు దానిని కొట్టివేయుటను మే మెఱుగుదుము. ఇచ్చట మేము చూచునది చేతినే. ఆ చేయి చేసినదేమి? ఆఫ్‌స్టంపునకు వెలుపల బడిన బంతిని లెగ్‌సైడునకు మళ్లించుటయే! మా సహపాఠి చేసిన "దోషము" వారికి జీవితకాలపు ఆస్తి. 99 టెస్టులలో 22 శతకములు దోషముతో వచ్చునవి కావు. అయినను భేద మొకటి కలదు: వారు బంతిని తమ కంటిక్రిందికి వచ్చువఱకు రానిత్తురు. మావాడు ఒక్కొక్కప్పుడు ముందుగనే త్రిప్పును. ఆ మాట వానితో చెప్పితిమి. మొదట కోపించెను, పిమ్మట సాధన మొదలిడెను.

లక్ష్మణుగారియందు ఈ విద్య పరిపక్వమైనదని మా యభిప్రాయము. 2001 మార్చిలో కలకత్తాలో, వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియాకు 274 పరుగులు వెనుకబడి, మనవారు ఫాలో ఆన్ ఆడవలసివచ్చెను. లక్ష్మణుగారు 281 పరుగులు చేసిరి. రాహుల్ ద్రావిడుగారితో గూడి 376 పరుగులు జోడించిరి. నాలుగవదినమంతయు ఒక్క వికెట్టయినను పడలేదు. షేన్ వార్న్ లెగ్‌స్టంపు వెలుపల గరుకునేలపై వేసిన బంతి నొకమారు ముందునకు వచ్చి కవరువైపునకు, అటువంటిదానినే మఱియొకమారు తిరుగుడున కెదురుగా మిడ్‌వికెట్టునకు కొట్టిరి. చెడ్డనేలపై చివఱిక్షణమున నిర్ణయించు నేర్పన్నచో నిది. మన జట్టు 171 పరుగులతో గెలిచెను. పరుగుల సంఖ్యనుబట్టి కాక, ఈ యొక్క నేర్పునుబట్టి మేము వీరికి మొదటి స్థాన మిచ్చితిమి. మా యింటి పెద్దలు కొందఱు జయసింహగారికే ఇయ్యవలెనని నేటికిని పట్టుబట్టుచున్నారు.

వీరి వెనుక నెవ్వరు? విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్బోర్నులో 114 పరుగులు చేసినప్పుడు మా వసతిగృహమున కేకలు మిన్నుముట్టినవి. కాని బౌలరు తలమీదుగా నిలువుబ్యాటుతో కొట్టు ఆయన పద్ధతి హైదరాబాదు మణికట్టునకంటె నాయుడుగారి బాహువులకే చేరువ. కావున మణికట్టు వరుసలో లక్ష్మణుగారి తరువాతి గడిలో ఆయన పేరు వ్రాయవలెనని సగముమంది, ఖాళీగా నుంచవలెనని సగముమంది పలికిరి. మా పట్టికలో ఆ గడి యింకను ఖాళీగనే యున్నది.