పలకల నడిమి సందు

సోదరీమణులకు మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కరీంనగరమందలి మా యింటి పెరటిలో, వాకిలి మొదలు తులసికోట వరకు, రెండేండ్ల క్రిందట టేకుపలకలతో తిన్నె వేయించితిమి. వానకాలపు బురదలో మా అత్తగారు కాలు పెట్టకుండవలెనని మా కోరిక. కలప ఆదిలాబాదు అడవులది. దాని మన్నికను గూర్చి చెప్పనక్కరలేదు.

పని వైశాఖమున జరిగెను. వడ్రంగి పలకకును పలకకును నడుమ సందు విడువబోగా మేమే వలదంటిమి. “సందులుంటే ఎండబోసిన పప్పంత కిందికే పోతది బిడ్డా” అని అత్తగారును అనిరి. వస్తువులు ఎండకే గదా పెరుగును, నడివేసవిలో నిమిడిన పలకలు వానలకు తగ్గునేగాని పెరుగవని, రైలుపట్టాల సంగతి చెప్పి వాదించితిమి. చదువుకొన్నవారమను గర్వమొకటి! ఆతడు మారుపలుకక పలకలను ఒత్తి బిగించి పోయెను.

ఆషాఢమున ముసురు పట్టెను. కొలదిదినములలో నడిమి పలకలు మేకులను పెరుకుకొని గూనివలె లేచినవి. నీరు నిలిచి పాచి పట్టినది. ఒకనాటి వేకువ అత్తగారు చెంబుతో పోవుచు, లేచిన అంచు తగిలి పడిరి. మణికట్టు విరిగెను. ఆరువారములు కట్టు. ఆమె మమ్ము ఒక్కమాట యనలేదు. అదియే మాకెక్కువ బాధ.

ఇనుము వేడికి పెరుగును, కర్ర తేమకు పెరుగును. అదియు పొడవున గాదు, వెడల్పుననే. టేకు తక్కిన పెక్కు కలపలకంటె తక్కువ ఉబ్బునదే. అయినను ఆరంగుళముల పలక వేసవినుండి వానకాలమునకు సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగవచ్చును. పదడుగుల తిన్నెకు ఇరువది పలకలు. మొత్తము 40 మిల్లీమీటర్లు, అంగుళమున్నర! ప్రక్కకు చోటులేనపుడు అది పైకి గాక యెక్కడికి పోవును?

భాద్రపదమున వడ్రంగిని మరల పిలిపించి, ఈమారు 5 మిల్లీమీటర్ల లావు మేకు చూపి అంత సందు విడువుమంటిమి. ఆతడు నవ్వి సన్నమేకు తీసెను. ఇప్పుడు పలకలు తేమతో ఉబ్బియున్నవి, వేసవికి ఎండి సందు తానే పెరుగును, ఇప్పుడే వెడల్పుగా విడిచిన అత్తగారి చేతికర్ర మొన అందులో దిగుననెను. పెద్దమేకు వైశాఖమునకు తగినదట! రెండవమారును మా తెలివి చెల్లలేదు.

ఇప్పుడు పప్పుగింజలు పడుచునే యున్నవి, చీమలకు పండుగ. చింతాకు చేరి సందులు పూడిన నీరు మరల నిలుచును గనుక, అత్తగారు వారమునకొకమారు కొబ్బరియీనెతో తామే గీకుచున్నారు, ఎడమచేతితో.