పెరట్లో సిమెంట్ పగలగొట్టాం

2021లో ఇల్లు కొన్నాం. వైజాగ్‌లో కూర్మన్నపాలెం దగ్గర పాత ఇండిపెండెంట్ హౌస్. ‘కొన్నాం’ అంటున్నానే గానీ, ఇంకా 17 ఏళ్ల ఈఎంఐ ఉంది. అప్పటికి నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. ‘వెనక మంచి గార్డెన్ ఉంది సార్’ అన్నాడు బ్రోకర్. వెళ్లి చూస్తే గోడ నుంచి గోడ దాకా సిమెంట్ గచ్చు. మూలన ఎండిపోయిన తులసి కోట, పగిలిన వాష్ బేసిన్. గార్డెన్ అంటే అదే!

నాకు మాత్రం అప్పుడే బుర్రలో ప్లాన్ తయారైపోయింది. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో 30 ఏళ్లకు పైగా పనిచేశారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని అక్కడ బ్లాస్ట్ ఫర్నేస్‌లకు పేర్లు. నిప్పులు కక్కే వాటికి నీళ్ల పేర్లు, అన్నం పేరు ఏంటో అని చిన్నప్పుడు నవ్వుకునేవాడిని. నాన్న సి షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చినా, ముందు వెళ్లేది ఉక్కునగరం క్వార్టర్ వెనక పెరట్లోకే. నేను పుట్టిన ఏడాది అక్కడ మామిడి మొక్క పెట్టారు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. నేను ఇంజినీరింగ్ ఫస్టియర్. గంటకు 180 కిలోమీటర్ల గాలి అంటే ఏంటో ఆ రోజు చెవులతో విన్నాం. గాలి తగ్గాక తలుపు తీస్తే, మామిడి చెట్టు వేళ్లతో సహా గోడ మీద పడి ఉంది. ఊరంతా అలాగే ఉంది కాబట్టి ఎవరూ పెద్దగా ఏడవలేదు. కానీ ఆ తర్వాత నాన్న ఒక్క మొక్క కూడా పెట్టలేదు. 2018లో రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి అద్దెకు రెండో అంతస్తుకి మారాం. అక్కడ పేపరు, టీవీ, మౌనం. అందుకే నాకు ఇంటి కన్నా పెరడే ముఖ్యం అనిపించింది. ఆయనతో ఆ మాట అనలేదు, అనుంటే ‘నాకోసం అప్పు చేశావా’ అని తిట్టేవారు.

మొదటి ఏడాది అంతా నేనే. యూట్యూబ్ చూసి గచ్చు మీదే మూడంగుళాల మట్టి పరిచి లాన్ వేయించాను. మే వచ్చేసరికి అది గోనెపట్టా అయిపోయింది. కుండీల్లో గులాబీలు పెట్టి, నీళ్లు వృథా చేయకూడదని ఆర్‌ఓ మెషీన్ నుంచి బయటకు పోయే నీళ్లు పోశాను. ఆకుల అంచులు మాడిపోయాయి. ఎరువులు మార్చాను, మందులు కొట్టాను. ఓ రోజు నాన్న వచ్చి బకెట్‌లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు.

‘‘ఇవేం నీళ్లురా, ఉప్పగా ఉన్నాయి.’’

ఆన్‌లైన్‌లో టీడీఎస్ మీటర్ తెప్పించి చూస్తే ఆయన నాలుకే కరెక్ట్. ఫిల్టర్ మంచినీళ్లు మనకిచ్చి, లవణాలన్నీ ఆ బయటి నీళ్లలోకి తోసేస్తుంది మరి. నేనేమో వాటినే రోజూ మొక్కలకు పట్టాను.

మర్నాడు పొద్దున్న ఠంగు ఠంగుమని చప్పుడు. లేచి చూస్తే నాన్న గునపంతో గచ్చు పొడుస్తున్నారు. 63 ఏళ్ల మనిషి! లాక్కోబోతే ఇవ్వలేదు. ‘‘కింద మట్టికి గాలి ఆడకుండా పైన ఏం పెట్టినా బతకవు’’ అన్నారు. కాసేపాగి, నా వైపు చూడకుండానే చెప్పారు.

‘‘క్వార్టర్‌లో చెట్టు చుట్టూ స్కూటర్ పెట్టుకోడానికని నేనే సిమెంట్ వేయించాను. మీ అమ్మ వద్దంది. పడిపోయాక చూశాను కదా, ఆ వైపు వేళ్లే లేవు. గాలి తప్పు కొంత, నాది కొంత.’’

ఏడేళ్లు ఆ మాట లోపల పెట్టుకున్నారు. ఏమనాలో తెలీక నేను రెండో గునపం తెచ్చాను.

గచ్చు కింద ఇటుక ముక్కలు, టైల్స్, ప్లాస్టిక్ సంచులు. రెండడుగులు తవ్వి అన్నీ తీసేసరికి నెల పట్టింది. ఎర్రమట్టి, మాగిన పశువుల గెత్తం, కాస్త వేపపిండి కలిపి నింపాం. వానాకాలంలో కరివేపాకు, మందారం, దొండపాదు పెట్టాం. బొప్పాయి నీళ్లు నిలిచి చచ్చిపోయింది, రెండోదానికి మట్టి ఎత్తు చేసి పెట్టాం. మందారానికి పిండినల్లి పడితే అమ్మ కొంచెం సబ్బునీళ్లలో వేపనూనె కలిపి వారం వారం కొట్టింది. దొండకాయలు ఎంత కాశాయంటే, మా వీధిలో జనం మమ్మల్ని చూసి పక్కకి తప్పుకునేవారు.

మామిడి మాట మాత్రం నేను ఎత్తలేదు. 2023 జులైలో నాన్నే నర్సరీకి తీసుకెళ్లమన్నారు. అంటు మొక్క తెచ్చాం. గోడకు దూరంగా, పెరడు మధ్యలో పెట్టారు. ‘ఇక్కడైతే అన్ని వైపులా వేళ్లు వెళ్తాయి’ అన్నారు.

అదే నెలలో మా కంపెనీ హైదరాబాద్ ఆఫీస్‌కి రమ్మంది. ఇప్పుడు వీలైనప్పుడల్లా శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, శనివారం పొద్దున్న దువ్వాడలో దిగుతాను. మధ్యలో వాట్సాప్. ఎప్పుడూ ఫోన్ చేయని మనిషి రోజూ ఫొటోలు పంపిస్తారు. సగం వాటిలో ఆయన బొటనవేలే ఉంటుంది.

మొన్న మామిడి మొదటిసారి పూత పూసిందని ఫొటో వచ్చింది. ఆ వారం ఇంటికెళ్తే పూతంతా తెంపేసి ఉంది. నాకు కోపం వచ్చింది.

‘‘తెంపేశారేంటి నాన్నా?’’

‘‘చిన్న మొక్కరా. ఇప్పుడే కాయలు మోస్తే ఎదగదు. ఇంకో రెండేళ్లు ఆగు.’’

రెండేళ్లు ఆగమన్న మాట ఆయన నోటి నుంచి విని చాలా కాలమైంది. రిటైరయ్యాక ఆయన రేపటి గురించి కూడా మాట్లాడేవారు కాదు.

తిరిగి బయల్దేరేటప్పుడు గేటు బయట స్కూటర్ కనిపించింది, మంచులో తడిసి ఉంది. లోపల పెరటి పక్కన బోలెడు చోటుంది కదా, పెట్టొచ్చు కదా అన్నాను. నాన్న వినిపించనట్టు పైపు పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. ట్రైన్ ఎక్కాక ఫోన్ తీసి స్కూటర్ కవర్ ఆర్డర్ పెట్టాను.