మొటిమ పోయాక మిగిలేవి

జూన్ 9
మేనల్లుడి ముఖం చూసి మనసు చివుక్కుమంది. మందుల దుకాణంలో ఇచ్చిన ట్యూబు కొన్నాళ్లు పూసుకున్నాడట. మొదట చర్మం నిగనిగలాడిందట, మానగానే మొటిమలు విరుచుకుపడ్డాయి. ట్యూబు తిప్పి చదివితే స్టెరాయిడ్. దాంతో చర్మం పలచబడుతుంది, ఎర్రబారుతుంది, కొత్త మొటిమలు లేస్తాయి. ఇలాంటి చాలా పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్లాడికి మాత్రం అడిగిన వెంటనే దొరికింది. ఒళ్లు మండిపోతోంది.

జూన్ 12
ముంబైలో మేముండే కామాటిపుర నుంచి జె.జె. ఆసుపత్రికి నడిచే పోయాం. డాక్టరమ్మ ముందు మచ్చనీ గుంతనీ వేరు చేసింది. నల్లమచ్చ పైన మిగిలిన రంగు మాత్రమే. ఎండ తగలకుండా చూసుకుంటే నెలల మీద వెలిసిపోతుంది. గుంత అట్లా కాదు. మొటిమ వాపు కొలాజెన్‌ను దెబ్బతీసిన చోట చర్మం కుంగుతుంది, ఏ క్రీమూ దాన్ని పూడ్చలేదు.

వాడి బుగ్గ సాగదీసి చూపించింది. కొన్ని గుంతలు మాయమయ్యాయి! వాటిని అడుగున పోగులు కిందికి లాగి పట్టుకుంటాయట. సూదితో ఆ పోగులు తెంపడమే సబ్‌సిషన్. రెండు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని లోతైనవి ఐస్‌పిక్ గుంతలు. వాటి అడుగున పుల్లమొనతో గాఢమైన టీసీఏ యాసిడ్ అద్దుతారు. అంచులు నిటారుగా ఉన్న బాక్స్‌కార్ గుంతలకు సూదుల రోలరో, లేజరో. మన చామనఛాయకు లేజర్ తీవ్రత పెరిగితే కొత్త నల్లమచ్చలు పడొచ్చు కాబట్టి తక్కువ మోతాదుతో మెల్లగా చేస్తారు.

"మొత్తం పోతయా అత్తా?" అన్నాడు. ఆమెను హిందీలో అడిగాను. తగ్గుతాయి గానీ పూర్తిగా నున్నబడవు అంది. ఆశ పెట్టకుండా నిజం చెప్పింది, ఆ మాట నాకు నచ్చింది. ముందు కొత్త మొటిమలు ఆగాలి, ఆ తర్వాతే సూదులూ లేజర్లూ.

జూన్ 13
"నెత్తురు చెడింది, వేపాకు తాగించు" అంది వదిన. నెత్తురు కాదు వదినా, ఈ వయసులో హార్మోన్లతో చర్మంలో నూనె పెరిగి రంధ్రాలు పూడుకుంటాయి అన్నాను. వాణ్ని తిట్టొద్దన్నాను. మొటిమను గిల్లితే మాత్రం గుంత పడే ప్రమాదం ఎక్కువని వాడికి చెప్పాను.

జూన్ 16
మా నాయనమ్మ ముఖం నిండా మశూచి గుంతలే. మేముండే చాళ్‌లో ఆమె ఈడు వాళ్లలో అలాంటివాళ్లు చాలామందే. దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో. అమ్మవారు పోసిందని దండం పెట్టి ఊరుకున్నారు, ఆ గుంతలు తగ్గించుకునే దారి వాళ్లకు అందలేదు. వీడికి ఉంది.

కొత్త మొటిమలు ఆగడానికి డాక్టరమ్మ రాసింది రాత్రికి అడపలీన్ జెల్, ముఖమంతటికీ బఠాణీ గింజంత. మొదటి వారాల్లో మండుతుంది, పొరలు ఊడతాయి, అయినా మానొద్దని గట్టిగా చెప్పాను.