వర్తూరు చెరువు గట్టు మీద

ఆదోనిలో మిల్లు పని తగ్గాక మన వీధి నుంచి నాలుగిళ్లవాళ్లం వర్తూరు చేరినాం. బెంగళూరుకు తూర్పున, వైట్‌ఫీల్డ్ పక్కనే ఉంటుంది. సెక్యూరిటీ, కట్టడం పని, ఇంటిపని, ఏదో ఒకటి దొరుకుతుంది. భాష బెంగ అక్కర్లేదు. కూరగాయల అంగట్లో "ఎంతక్కా?" అంటే జవాబు తెలుగులోనే వస్తుంది.

చెరువు సంగతి మాత్రం చెప్పాల. బెంగళూరులో బెళ్ళందూరు చెరువు తర్వాత పెద్దది ఇదే. బెళ్ళందూరులో నిండిన ఊరి మురుగంతా దిగువన దీంట్లోకే వస్తుంది. 2015లో నురగ లేచి రోడ్డు మీదికొచ్చింది. 2017లో బెళ్ళందూరు చెరువులో మంటలే లేచినాయి. చెరువు మండడం ఎక్కడన్నా విన్నారా? ఈ నీళ్లతోనే ఒకప్పుడు వరి పండించినామని ఇక్కడి ముసలోళ్లు అంటారు.

అదే బస్సెక్కి సర్జాపురం దాటితే వేరే లోకం. రాగి చేలు, టమాటా తోటలు, చింతచెట్లు. మాలూరు దారిలో చిక్కతిరుపతి వెంకన్న గుడి. తిరుమల పోలేని నెలలో మా ఆడోళ్ల మొక్కులన్నీ అక్కడే.

రావాలనుకునేవాళ్లు బాడుగతో పాటు అడ్వాన్సెంతో, నీళ్లు బోరువా ట్యాంకరువా ముందే అడగండి. ఎండాకాలంలో మా బోరు ఎండితే, ట్యాంకరు డబ్బులు జీతంలో నుంచే పోతాయి.